వరస గుర్తుంచుకునే తాళం

పాత ఢిల్లీలో ఎర్రకోట ముందు రోడ్డు దాటితే లజపత్‌రాయ్ మార్కెట్. ఢిల్లీలోనూ, చుట్టుపక్కల నోయిడా, గురుగ్రామ్, ఘజియాబాద్‌లలోనూ చదివే ఇంజినీరింగ్ పిల్లలకు ఎలక్ట్రానిక్స్ విడిభాగాలు అనగానే గుర్తొచ్చే చోటు ఇది. ఇరుకు సందుల్లో కొట్లు, కొట్ల నిండా ప్లాస్టిక్ డబ్బాలు, డబ్బాల్లో ఐసీలు, ట్రాన్సిస్టర్లు, రిలేలు. ప్రాజెక్టుల కాలం వచ్చిందంటే పిల్లలు పట్టుకొచ్చే చీటీల్లో ఒక పాత సరుకు తప్పకుండా ఉంటుంది. నాలుగంకెలు నొక్కితే తెరుచుకునే తలుపు తాళానికి కావలసిన సామాను.

ఈ రోజుల్లో ఆ చీటీలో మొదటి పేరు ఆర్డుయినో, ప్రోగ్రాం ఎక్కించుకునే చిన్న బోర్డు. కీప్యాడ్ తగిలించి, నాలుగు వరసల ప్రోగ్రాం ఎక్కించి, సాయంత్రానికల్లా తాళం పనిచేస్తోందని చూపించవచ్చు. అందులో తప్పేమీ లేదు. అయినా ఎలక్ట్రానిక్స్ చదివే పిల్లలు ఒక్కసారైనా ఈ తాళాన్ని ప్రోగ్రాం లేకుండా, ఉత్త గేట్లతో, ఫ్లిప్‌ఫ్లాప్‌లతో కట్టాలని నేను గట్టిగా నమ్ముతాను. నొక్కిన అంకెలు సరిపోయాయా అని ప్రోగ్రాంలో ఒక్క ముక్కలో అడిగేస్తాం. ఆ ముక్క వెనక ఎన్ని ప్రశ్నలు దాక్కున్నాయో తీగలు కలుపుతుంటేనే బయటపడతాయి.

రహస్య సంఖ్య 2580 అనుకుందాం. అంకెకొకటి చొప్పున పది మీటలు. నాలుగు మీటల తీగలను ఒక యాండ్ గేటుకు కలిపేస్తే సరిపోదా అని మొదట అనిపిస్తుంది. నాలుగూ ఒకేసారి నొక్కితే గేటు అవుననే అంటుంది. కానీ మనిషి అలా నొక్కడు. 2 నొక్కి వేలు తీసి 5 మీదికి వెళ్తాడు. 5 నొక్కే వేళకు 2 మీట పైకి లేచిపోయి ఉంటుంది. యాండ్ గేటుకు ఆ క్షణంలో ఉన్నదే లోకం, గడిచిపోయింది తెలియదు. పైగా 2580కీ 0852కీ దానికి తేడా లేదు. పాస్‌వర్డ్‌కు ప్రాణం వరస. వరస తెలియాలంటే ఇంతకు ముందు ఏం జరిగిందో సర్క్యూట్‌కు గుర్తుండాలి. డిజిటల్ లాజిక్ పుస్తకాల్లో కాంబినేషనల్, సీక్వెన్షియల్ అని రెండు అధ్యాయాలుగా విడదీసి చెప్పే తేడా అంతా ఇదే.

ఈ తాళం లెక్క డిజిటల్ లాజిక్ పుట్టిన రోజుల్లోనే ఉంది. 1937లో అమెరికాలోని ఎంఐటీలో క్లాడ్ షానన్ అనే 21 ఏళ్ల కుర్రాడు మాస్టర్స్ పట్టా కోసం ఒక థీసిస్ సమర్పించాడు. జార్జ్ బూల్ 1854లో ఆలోచనకు రాసిన బీజగణితం, టెలిఫోన్ ఎక్స్ఛేంజీల్లో టకటకలాడే రిలేల అమరిక, రెండూ ఒకటేనని అందులో నిరూపించాడు. ఇవాళ్టి ప్రతి ప్రాసెసర్‌కూ పునాది ఆ థీసిస్. దాని చివర షానన్ తన పద్ధతితో కట్టి చూపిన ఉదాహరణల్లో ఒకటి విద్యుత్ తాళం. ఎ, బి, సి, డి, ఇ అని ఐదు బటన్లు. మొదట సి, తర్వాత బి, ఆపైన ఎ, సి రెండూ కలిపి, చివరికి డి నొక్కితే తాళం తెరుచుకోవాలి. మధ్యలో ఏ బటన్ తప్పు నొక్కినా అలారం మోగాలి. మళ్లీ తాళం వేయడానికి ఒక స్విచ్, మోగుతున్న అలారాన్ని ఆపడానికి వేరే స్విచ్. తొంభయ్యేళ్ల కిందటి ఆ లెక్కలో నాకు బాగా నచ్చేది చివరి రెండు స్విచ్‌లు. తెరవడం గురించి అందరూ ఆలోచిస్తారు. తప్పు జరిగాక ఏం చేయాలి, ఎవరు సర్దాలి అన్నది షానన్ తీగ కలపకముందే రాసిపెట్టుకున్నాడు.

జ్ఞాపకానికి షానన్ రిలేలు వాడాడు. మనకు అంతకన్నా తేలిక దారి ఉంది. 1918లో ఎకిల్స్, జోర్డాన్ అనే ఇద్దరు ఆంగ్లేయులు రెండు వాక్యూమ్ ట్యూబులను ఒకదాని అవుట్‌పుట్ ఇంకోదాని ఇన్‌పుట్‌కు వెళ్లేలా కలిపి, రెండు స్థితుల్లో ఏదో ఒకదానిలో నిలిచిపోయే సర్క్యూట్‌కు పేటెంట్ కోరారు. అదే ఫ్లిప్‌ఫ్లాప్. 1960లలో టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ తెచ్చిన 7400 వరస ఐసీల్లో 7474 అనే దానిలో అలాంటివి రెండు ఇమిడిపోయాయి. దాని సీమాస్ రూపం 74హెచ్‌సీ74 ఇప్పటికీ దొరుకుతుంది. 14 కాళ్ల చిన్న నల్ల ముక్క. మన తాళానికి అలాంటివి రెండు చాలు, నాలుగు ఫ్లిప్‌ఫ్లాప్‌లు వస్తాయి.

కీప్యాడ్ కొనేటప్పుడు జాగ్రత్త. తెలియక అడిగితే చేతిలో పెట్టేది 12 మీటలకు 7 తీగలే ఉండే మాట్రిక్స్ కీప్యాడ్. ఏ మీట నొక్కారో అడ్డ వరసలు, నిలువు వరసలు వెతికి తేల్చుకోవాలి, ఆ వెతుకులాటకు వేరే సర్క్యూట్ కావాలి. మనకు విడివిడి పుష్ బటన్లు పది ఉంటే హాయి. 12 వోల్టుల అడాప్టర్, దాన్ని 5 వోల్టులకు దించే 7805, గుప్పెడు 10 కిలో ఓమ్ రెసిస్టర్లు, కాసిని కెపాసిటర్లు, ఒక రిలే, తలుపు బోల్టును లాగే 12 వోల్టుల సోలినాయిడ్. తక్కినవి అవసరం పడ్డప్పుడు చూసుకుందాం.

ఇప్పుడు బ్రెడ్‌బోర్డు మీదికి వద్దాం. డీ ఫ్లిప్‌ఫ్లాప్ చేసేది ఒక్కటే పని. క్లాక్ కాలు కింది నుంచి పైకి లేచిన క్షణంలో డీ కాలు మీద ఏముందో చూసి, దాన్ని క్యూ కాలు మీద నిలబెట్టేస్తుంది. మళ్లీ క్లాక్ లేచేదాకా డీ ఎంత మారినా క్యూ కదలదు. మొదటి దాని డీని నేరుగా 5 వోల్టులకు కలపండి. దాని క్యూను రెండో దాని డీకి, రెండో దాని క్యూను మూడో దానికి, అలా గొలుసు కట్టండి. 2 మీటను మొదటి ఫ్లిప్‌ఫ్లాప్ క్లాక్‌కు, 5ను రెండో దానికి, 8ని మూడో దానికి, 0ను నాలుగో దానికి. ఎవరైనా ముందుగా 5 నొక్కారనుకోండి, రెండో ఫ్లిప్‌ఫ్లాప్ తన డీ వైపు చూస్తుంది, అక్కడ సున్నా ఉంది, సున్నానే పట్టుకుంటుంది. 2 నొక్కాక 5 నొక్కితే అక్కడ ఒకటి కనిపిస్తుంది. గేటు ఒక్కటీ వాడకుండానే వరస వచ్చేసింది. నాలుగో క్యూ ఒకటి కాగానే ట్రాన్సిస్టర్ రిలేను లాగుతుంది, రిలే సోలినాయిడ్‌కు కరెంటు ఇస్తుంది, బోల్టు వెనక్కి జారుతుంది.

మిగిలిన ఆరు మీటలు, అంటే 1, 3, 4, 6, 7, 9, అన్నీ తప్పు మీటలే. వాటన్నిటినీ కలిపి ఒకే గీతగా నాలుగు ఫ్లిప్‌ఫ్లాప్‌ల క్లియర్ కాళ్లకు ఇవ్వాలి. ఆ కాలు మామూలుగా రెసిస్టర్ సాయంతో 5 వోల్టుల దగ్గర ఉంటుంది, తప్పు మీట దాన్ని నేలకు కలిపేస్తుంది, అంతవరకు పేర్చుకున్నదంతా తుడిచిపెట్టుకుపోతుంది. తెరుచుకున్న తాళం మళ్లీ పడడానికి ఒక 555 టైమర్. 470 కిలో ఓమ్, 10 మైక్రోఫారడ్ పెడితే 5 సెకన్ల చిల్లర సమయం వస్తుంది. ఆ గడువు తీరాక అదే క్లియర్ గీతను కిందికి లాగేలా చేస్తే సరి. రిలే కాయిల్‌కూ సోలినాయిడ్‌కూ అడ్డంగా చెరో 1ఎన్4007 డయోడ్ తిరగేసి పెట్టడం మరిచిపోకండి. కరెంటు ఆగిన క్షణంలో కాయిల్ ఎదురు తన్నే వోల్టేజీకి ట్రాన్సిస్టర్ బలైపోతుంది.

ఇంతవరకు కట్టిన పిల్లలు 2, 5, 8, 0 నొక్కి చూసి, బోల్టు టక్కుమనగానే సంతోషపడి ప్రాజెక్టు రికార్డు రాసేస్తారు. నిజానికి అసలు చదువు ఇక్కడ మొదలవుతుంది. ఈసారి తాళం కట్టినవాడిలా కాకుండా దొంగలా దాని ముందు నిలబడాలి.

కొన్ని నెలలు వాడిన కీప్యాడ్‌ను చూడండి. నాలుగు మీటలు మాత్రమే అరిగి, జిడ్డుపట్టి మెరుస్తుంటాయి. అంకెలు ఏవో దొంగకు తెలిసిపోయాయి, వరస తెలియదు. నాలుగంకెలను 24 వరసల్లో పేర్చవచ్చు కాబట్టి 24 సార్లు ప్రయత్నించాలని కదా అనుకుంటాం. మన తాళానికి అంత శ్రమ అక్కర్లేదు. ఆ నాలుగు మీటలను ఏదో ఒక వరసలో మళ్లీ మళ్లీ నొక్కుతూ పోతే చాలు. పూర్తిగా తలకిందులుగా 0, 8, 5, 2 అని నొక్కాడనుకుందాం. మొదటి చుట్టులో 2 దగ్గర మొదటి ఫ్లిప్‌ఫ్లాప్ లేస్తుంది. రెండో చుట్టులో 5 దగ్గర రెండోది, మూడో చుట్టులో 8 దగ్గర మూడోది, నాలుగో చుట్టు మొదలుపెడుతూ 0 నొక్కగానే తలుపు తెరుచుకుంటుంది. మొత్తం 13 నొక్కుళ్లు. వరస ఏదైనా అంతకు మించవు. కారణం, సరైన అంకెను తప్పు సమయంలో నొక్కడం కూడా తప్పేనని మనం సర్క్యూట్‌కు చెప్పనే లేదు.

సరే, చెబుదాం. 5 మీట నొక్కినప్పుడు మొదటి క్యూ ఇంకా సున్నాగానే ఉంటే తుడిచేయి. 8 నొక్కినప్పుడు రెండో క్యూ సున్నాగా ఉంటే తుడిచేయి. 0కు మూడో క్యూతో అలాగే. ఇందుకు మూడు యాండ్ గేట్లు కావాలి, ఒక 74హెచ్‌సీ08లో నాలుగు ఉంటాయి. వాటి అవుట్‌పుట్‌లను డయోడ్లతో కలిపి ఒక ట్రాన్సిస్టర్ ద్వారా క్లియర్ గీతకు ఇవ్వాలి. ఇంత చేసినా 2, 5, 2, 8, 0 నొక్కితే తలుపు తెరుచుకుంటుంది, ఎందుకంటే లేచి ఉన్న మొదటి ఫ్లిప్‌ఫ్లాప్‌ను మళ్లీ లేపితే నష్టం లేదు. దాన్ని తప్పుగా లెక్కించాలా వద్దా? తప్పే అనుకుంటే, 2, 2, 5, 8, 0 నొక్కినవాడి సంగతేమిటి? మొదటి 2 సరిగా పడలేదేమోనని మళ్లీ నొక్కిన ఇంటాయన కావచ్చు కదా? ఇక్కడికి వచ్చేసరికి బ్రెడ్‌బోర్డు పక్కన పెట్టి కాగితం తీయక తప్పదు. తెరుచుకోకముందు తాళం నాలుగు దశల్లో ఏదో ఒకదానిలో ఉంటుంది: ఏమీ నొక్కనిది, ఒకటి సరైనది, రెండు సరైనవి, మూడు సరైనవి. మీటలు పది. 40 గళ్ల పట్టిక. ప్రతి గడిలోనూ తర్వాత ఏ దశకు పోవాలో రాయాలి. సంతోషంగా ముందుకు నడిచే గళ్లు అందులో నాలుగే. మిగతా 36 గళ్ల గురించి ఎంత శ్రద్ధగా ఆలోచించామన్న దాన్ని బట్టే తాళం బలం.

రహస్య సంఖ్యలో ఒకే అంకె రెండుసార్లు వస్తే ఇంకో తమాషా. 2258 పెట్టుకోవాలంటే 2 మీటను మొదటి, రెండో ఫ్లిప్‌ఫ్లాప్‌ల క్లాక్‌లు రెంటికీ కలిపితే చాలు. మొదటి నొక్కుకు మొదటిది, రెండో నొక్కుకు రెండోది లేవాలి. తీరా కడితే ఒక్క నొక్కుకే రెండూ లేచిపోతుంటాయి. లోపం మీటలోది. లోపలి లోహపు రేకులు తగులుకునేటప్పుడు ఒక్కసారిగా అతుక్కోవు, కొన్ని మిల్లీసెకన్ల పాటు ఎగిరెగిరి పడతాయి. వేలికి అది ఒక్క నొక్కు, ఫ్లిప్‌ఫ్లాప్‌కు అది పది నొక్కులు. 2580లో ఈ సంగతి బయటపడదు, లేచినదాన్ని ఎన్నిసార్లు లేపినా ఒకటే గనక. 10 కిలో ఓమ్, 1 మైక్రోఫారడ్ కలిపితే 10 మిల్లీసెకన్ల మందగింపు వస్తుంది, ఆ ఎగురుడంతా అందులో అణిగిపోతుంది. కాకపోతే అలా మెల్లగా పైకి పాకే వోల్టేజీని క్లాక్ కాలు సరిగా అర్థం చేసుకోలేదు. మధ్యలో 74హెచ్‌సీ14 అనే ష్మిట్ ట్రిగ్గర్ పెడితే అది మళ్లీ నిటారు అంచుగా మారుస్తుంది. అది సంకేతాన్ని తలకిందులు చేస్తుంది కాబట్టి రెండేసి గేట్లు వరసగా వాడాలి.

ప్రతి దశకూ ఒక ఎల్ఈడీ పెడదామని పిల్లలకు సరదా. సరైన అంకె నొక్కగానే ఒక దీపం వెలుగుతుంటే చూడ్డానికి బాగుంటుంది. ఆ దీపాలు బల్ల మీద పరీక్షించేటప్పుడు తప్ప తలుపు మీద ఉండకూడదు. నాలుగంకెల సంఖ్యలు 10,000 ఉన్నాయన్నదే తాళం బలం. దశ దశకూ దీపం వెలిగితే దొంగ ఒక్కో అంకెనూ విడిగా పట్టేస్తాడు. అంకెకు పది ప్రయత్నాల చొప్పున 40 లోపే పని ముగుస్తుంది.

వేరే రకంగా కట్టేవాళ్లూ ఉన్నారు. మీట నొక్కినప్పుడల్లా ఆ అంకెను నాలుగు బిట్లుగా మార్చి షిఫ్ట్ రిజిస్టర్‌లోకి తోస్తారు. చివరగా నొక్కిన నాలుగంకెలు ఎప్పుడూ అందులో ఉంటాయి, వాటిని రహస్య సంఖ్యతో 7485 కంపారేటర్లు నిరంతరం పోల్చి చూస్తుంటాయి. సంఖ్య మార్చుకోవడం ఇందులో సులువు, తీగలు పీకనక్కర్లేదు, స్విచ్‌లు తిప్పితే చాలు. దీని బలహీనతను అర్థం చేసుకోవడానికి తెలుగు బడిలో చదివినవాళ్ల దగ్గర ఒక తాళంచెవి ఇప్పటికే ఉంది.

ఛందస్సు పాఠంలో గణాలు గుర్తుండడానికి నేర్చుకున్న యమాతారాజభానసలగం తలుచుకోండి. మొదటి మూడక్షరాలు యమాతా, లఘువు గురువు గురువు, య గణం. ఒక్క అక్షరం జరిగితే మాతారా, మూడూ గురువులు, మ గణం. ఇంకొకటి జరిగితే తారాజ, త గణం. అలా నసల దగ్గర మూడు లఘువుల న గణం, చివరికి సలగం దగ్గర స గణం. ఎనిమిది గణాలనూ విడివిడిగా రాస్తే 24 అక్షరాలు కావాలి. ఒకదానిలో ఒకటి కలిసిపోయేలా పేర్చినందువల్ల పదక్షరాల్లో ఎనిమిదీ ఇమిడిపోయాయి. గణితంలో ఇలాంటి పేర్పును డచ్ గణితవేత్త ద బ్రాయిన్ పేరుతో పిలుస్తారు. గురులఘువుల రెండింటి బదులు పదంకెలు, మూడక్షరాల బదులు నాలుగు తీసుకుంటే, 10,000 సంఖ్యలూ ఇమిడే వరస 10,003 అంకెల్లో వచ్చేస్తుంది. చివరి నాలుగంకెలను ఎడతెగకుండా చూస్తుండే షిఫ్ట్ రిజిస్టర్ తాళానికి ఆ వరస నొక్కితే ఎక్కడో ఒకచోట తెరుచుకొని తీరుతుంది. సెకనుకొకటి చొప్పున నొక్కితే విడివిడిగా 40,000 నొక్కుళ్లకు 11 గంటలు, ఇలా అయితే 2 గంటల 47 నిమిషాలు. యమాతారాజభానసలగం కంఠస్థం చేసిన ప్రతి పిల్లకూ పిల్లవాడికీ ఈ గణితం సగం వచ్చేసినట్టేనని ఎవరూ చెప్పకపోవడం నాకు బాధగా ఉంటుంది.

మందు చిన్నదే. నాలుగంకెల తర్వాత ఎంటర్ మీట నొక్కితేనే పోల్చి, ఆ వెంటనే రిజిస్టర్‌ను ఖాళీ చేస్తే ఒకదానిలో ఒకటి కలిసిపోయే వీలు పోతుంది. మూడు తప్పులు లెక్కపెట్టి నిమిషం పాటు మీటలను పట్టించుకోకుండా చేస్తే ఇంకా మంచిది. నిమిషానికి మూడు ప్రయత్నాలంటే 10,000 సంఖ్యలకు రెండు రోజుల పైమాటే.

40 గళ్ల పట్టికలో ఎక్కడా కనిపించని స్థితి ఇంకొకటి ఉంది. కరెంటు పోవడం. మే, జూన్ నెలల్లో ఏసీలన్నీ ఒక్కసారిగా తిరిగే ఢిల్లీ శివార్లలో ఇది వింత కాదు. కరెంటు పోయి తిరిగి వచ్చినప్పుడు ఫ్లిప్‌ఫ్లాప్ సున్నాతో లేస్తుందా ఒకటితో లేస్తుందా అన్నది ఎవరూ హామీ ఇవ్వలేరు. నాలుగో ఫ్లిప్‌ఫ్లాప్ ఒకటితో లేచిందంటే ఎవరూ మీట ముట్టుకోకుండానే తలుపు తెరుచుకుంటుంది. ఇంట్లో మనుషులు లేనప్పుడు కరెంటు వచ్చిందంటే అంతే సంగతులు. అందుకే క్లియర్ గీతకూ నేలకూ మధ్య ఒక 10 మైక్రోఫారడ్ కెపాసిటర్ పెడతారు. కరెంటు వచ్చిన తొలి పదో వంతు సెకను అది నిండుతూ క్లియర్‌ను కిందనే పట్టి ఉంచుతుంది, నాలుగూ సున్నాలతో మొదలవుతాయి.

అంతకంటే పెద్ద ప్రశ్న, కరెంటు లేనంతసేపూ తలుపు మూసి ఉండాలా, తెరిచి ఉండాలా? సోలినాయిడ్ బోల్టుకు తెరవడానికి కరెంటు కావాలి, అది లేకపోతే మూసే ఉంటుంది. విద్యుదయస్కాంత తాళం దీనికి తలకిందులు. 12 వోల్టుల మీద అర ఆంపియర్ తాగుతూ 280 కిలోల బలంతో తలుపును పట్టి ఉంచే రకం ఆఫీసుల్లో ఎక్కువగా చూస్తాం. కరెంటు ఆగితే అది తలుపును వదిలేస్తుంది. బీరువాకు మొదటిది సరి. మనుషులు లోపల ఉండే గదికి మొదటిది పెట్టాలంటే ఒకటికి పదిసార్లు ఆలోచించాలి.

ఢిల్లీలో ఈ మాట ఊరికే అనడం లేదు. 1997 జూన్ 13న గ్రీన్ పార్క్‌లోని ఉపహార్ సినిమా హాలు అగ్నిప్రమాదంలో 59 మంది చనిపోయారు. బాల్కనీ నుంచి బయటికి వెళ్లే దారి ఒకటి అదనపు సీట్లతో మూసుకుపోయి ఉంది, పొగ నిండిన హాల్లో జనానికి బయటపడే వీలు లేకపోయింది. 2024 జులై 27 సాయంత్రం ఓల్డ్ రాజిందర్ నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్ బేస్‌మెంట్‌లోకి వాన నీళ్లు ముంచెత్తి, సివిల్స్‌కు చదువుకుంటున్న ముగ్గురు ప్రాణాలు కోల్పోయారు. లైబ్రరీగా వాడుతున్న ఆ బేస్‌మెంట్ దగ్గరి బయోమెట్రిక్ గేటు నీళ్లు రాగానే మొరాయించిందని విద్యార్థులు చెప్పినట్టు అప్పట్లో పత్రికలు రాశాయి. మన తెలుగు జిల్లాల నుంచి వెళ్లిన పిల్లలు ఎందరో ఆ వీధుల్లోనే అద్దె గదుల్లో ఉంటూ చదువుతున్నారు. తలుపుకు తాళం బిగించే ప్రతి ఇంటి యజమానీ, ప్రతి హాస్టల్ మేనేజరూ ఈ రెండు తేదీలు తెలుసుకొని ఉండాలి.

కాబట్టి గది తలుపుకైతే విద్యుదయస్కాంత తాళమే పెట్టండి, మామూలు కరెంటు కోతలకు తలుపు తెరుచుకుపోకుండా వెనక ఒక 12 వోల్టుల బ్యాటరీ కలపండి. ఆ తాళానికి మన తర్కం కూడా తిరగబడుతుంది. నాలుగో క్యూ ఒకటి అయినప్పుడు కరెంటు ఇవ్వడం బదులు ఆపాలి. రిలేలో మామూలుగా మూసి ఉండే కాంటాక్టు వాడితే ఒక్క తీగ మార్పుతో ఆ పని అవుతుంది.

ఇక లోపలి వైపు బయటికి వెళ్లే మీట. చాలామంది దాన్ని కూడా ఫ్లిప్‌ఫ్లాప్‌లకే కలుపుతారు, నాలుగో దాని క్యూను నేరుగా ఒకటి చేసే ప్రీసెట్ కాలుకు. చూడ్డానికి పొందికగా ఉంటుంది. కానీ ఐసీ కాలిపోతే, 7805 వేడెక్కి చచ్చిపోతే, నీటిచుక్క పడి ఒక కాలు ఇంకో కాలుతో కలిసిపోతే ఆ మీట కూడా పనిచేయదు. లోపలి మీటకు తర్కంతో సంబంధమే ఉండకూడదు. అయస్కాంతానికి వెళ్లే 12 వోల్టుల తీగను బ్యాటరీ కలిసిన చోటుకూ అయస్కాంతానికీ మధ్య తెంచి, ఆ తెగినచోట మామూలుగా మూసి ఉండే పెద్ద బటన్ ఒకటి వరసగా కలపాలి. అరచేత్తో కొడితే తీగ తెగుతుంది, అయస్కాంతం వదిలేస్తుంది. పక్కన చీకట్లోనూ మెరిసే రంగుతో "బయటికి" అని, హిందీలో "బాహర్" అని రాసి పెట్టండి. తాళం బిగించిన రోజున పాస్‌వర్డ్ నొక్కి చూడడం కంటే ముందు ఆ బటన్ కొట్టి చూడండి, అడాప్టర్ పీకి మళ్లీ కొట్టి చూడండి, బ్యాటరీ కూడా పీకి చూడండి. మూడుసార్లూ తలుపు వదిలితేనే లోపల ఎవరినైనా ఉండనివ్వండి.